'బిల్లా'లో బరువంతా రాజప్పదే

1978లో హిందీ 'డాన్' ఆడింది. మరుసటి ఏడాదే కె.ఎస్.ఆర్.దాస్ దర్శకత్వంలో ఎన్టీఆర్ 'యుగంధర్' మనకొచ్చింది. రజనీకాంత్ తమిళ 'బిల్లా' 1980 జనవరి 26న విడుదలైంది, అంటే మన తర్వాతే. అయినా 2009లో ప్రభాస్ సినిమాకు పెట్టుకున్న పేరు 'యుగంధర్' కాదు, 'బిల్లా'. సొంత రీమేక్ ఉన్న చోట కూడా పొరుగువాళ్ల రీమేక్ పేరే చెల్లిందంటే ఆ సినిమాలో ఏదో ఉండాలి.

కథలో మాత్రం కొత్తేం లేదు. హిందీ 'డాన్' రాసిన సలీం-జావేద్ స్క్రిప్టులో వేలు పెట్టడం కష్టం. డాన్ చచ్చిపోయిన సంగతి ఒక్క డీఎస్పీకే తెలుసు. అచ్చం డాన్‌లాగే ఉన్న వీధి పాటగాణ్ణి అతను ముఠాలోకి పంపుతాడు. పాటగాడు పెంచుతున్న ఇద్దరు పిల్లల చదువు తాను చూసుకుంటాననేది ఒప్పందం. ముఠా గుట్టున్న డైరీ చేతులు మారాకే డీఎస్పీ చావాలి. ముందే పోతే హీరోకు ఆధారమే ఉండదు. బతికుంటే ఒక్క మాటతో హీరోను విడిపిస్తాడు, సెకండాఫే ఉండదు. పగ తీర్చుకోవడానికి ముఠాలో చేరిన హీరోయిన్, ఆ పిల్లల కోసం వెతికే కన్నతండ్రి, ఇద్దరి దారులూ ఆ డైరీ దగ్గరే కలుస్తాయి. ఒక సీను తీసేస్తే ఇంకో మూడు సీన్లకు కారణం పోతుంది. అందుకే నిర్మాత కె.బాలాజీ, దర్శకుడు ఆర్.కృష్ణమూర్తి వరుస పెద్దగా కదపలేదు. ఆ డీఎస్పీ వేషం బాలాజీయే వేసుకున్నాడు.

రీమేక్ చేసేవాడికి అసలు పని మిగిలేది రెండో మనిషి దగ్గర, అంటే ఆ పాటగాడి దగ్గర. డాన్‌కు ఊరూ పేరూ అక్కర్లేదు. కోటు, నల్ల కళ్లద్దాలు, చుట్టూ నలుగురు మనుషులుంటే ఏ భాషలోనైనా నిలబడతాడు. పైగా విలన్ వేషాలతో పైకొచ్చిన రజనీకాంత్‌కు ఆ నడక, సిగరెట్ విసురు కొత్త కాదు. హిందీలో అమితాబ్ చేసిన పాటగాడు విజయ్ అలా కాదు. అతనిది గంగ ఒడ్డు యాస, బనారస్ పాన్. ఆ యాసను మక్కీకి మక్కీ దించితే తమిళుడికి వాడు పరాయివాడే. తమిళంలో రాజప్ప అయిన ఆ పాటగాణ్ణి తమిళ వీధి మనిషిగా మార్చడంలోనే ఈ సినిమా గెలిచింది. పాన్ పాట స్థానంలో మలేసియా వాసుదేవన్ గొంతుతో 'వెత్తలయ పోట్టేండి' (తమలపాకు వేసుకున్నానే) వచ్చింది. తమలపాకు తమిళనాట పెళ్లి తాంబూలంలోనూ ఉంటుంది, వీధి చివర కిళ్లీ కొట్టులోనూ ఉంటుంది. అందుకే ఆ పాట అనువాదంలా వినిపించదు. హిందీలో పాన్ పాట సినిమా దాదాపు పూర్తయ్యాక, సెకండాఫ్ బిగువు కాస్త సడలించడానికి చేర్చింది. అలా అతికించిన ముక్కే తమిళంలో హీరోకు గుర్తింపు కార్డయింది.

హిందీలో ప్రాణ్ వేసిన తండ్రి పాత్రను నవ్వించే నటుడిగా పేరున్న తేంగాయ్ శ్రీనివాసన్‌కు ఇవ్వడం మాత్రం సాహసమే. ఆయన తెర మీదికి రాగానే నవ్వడానికి సిద్ధమయ్యే జనం చేత పిల్లల్ని పోగొట్టుకున్న తండ్రిని నమ్మించాలి మరి.

సంగీతంలో ఓ తమాషా ఉంది. తెలుగు 'యుగంధర్'కు బాణీలు ఇళయరాజావి, తమిళ 'బిల్లా'కు ఎం.ఎస్.విశ్వనాథన్‌వి. 'మై నేమ్ ఈజ్ బిల్లా' పాడింది మన బాలు. అప్పటికి రజనీ పని అయిపోయిందని మద్రాసులో గట్టిగానే వినిపించేది. తన పేరు తానే చాటుకునే ఆ పాట అలాంటి సమయంలో రావడం కలిసొచ్చింది. అమితాబ్ సినిమాల రీమేకులు రజనీకి ఆ తర్వాతా వరుసకట్టాయి. 'దీవార్' 1981లో 'తీ' అయింది, 'త్రిశూల్' 1986లో 'మిస్టర్ భరత్' అయింది.

2007లో అజిత్‌తో విష్ణువర్ధన్ మళ్లీ తీసినప్పుడు యువన్ శంకర్ రాజా ఆ రెండు పాటల్నీ వదల్లేదు. కాకపోతే కెమెరా చూపంతా సూట్ల మీద, కళ్లద్దాల మీద, మలేసియా భవనాల మీదే ఉండిపోయింది. డాన్ పెద్దవాడయ్యాడు, పాటగాడు చిన్నబోయాడు. మెహర్ రమేశ్ తెలుగు 'బిల్లా'కు మూలం ఈ అజిత్ సినిమాయే కాబట్టి ఆ లోటూ దాంతోపాటే వచ్చింది. ప్రభాస్ డాన్‌గా ఎలా నడిచాడో చూసినవాళ్లకు ఇప్పటికీ గుర్తే. అదే సినిమాలో రెండో ప్రభాస్ పేరేమిటని అడిగితే మాత్రం చాలామంది తడుముకుంటారు.