పుట్టుమచ్చలకు చోటుంది, మార్కులకు లేదు

పదో తరగతి మెమోను మన ఇళ్లలో పట్టాదారు పాసుపుస్తకంతో సమానంగా దాచుకుంటారు. ప్లాస్టిక్ కవరులో పెట్టి, బీరువా అడుగున భద్రం చేస్తారు. పుట్టిన తేదీకి అదే రుజువు, ఇంటిపేరులో అక్షరం తేడా వస్తే అదే సాక్ష్యం. అమ్మ పేరు, నాన్న పేరు, అంకెల్లోనూ అక్షరాల్లోనూ పుట్టిన తేదీ, ఆఖరికి కుడి మోచేతి మీద పుట్టుమచ్చ ఉన్న సంగతి కూడా ఆ ధ్రువపత్రాల్లో రాస్తారు. అన్నీ రాసిన ప్రభుత్వం, 2012 నుంచి ఏళ్ల తరబడి ఒక్కటి మాత్రం రాయలేదు: ఆ బిడ్డకు లెక్కల్లో ఎన్ని మార్కులు వచ్చాయో.

మార్కులు తీసేసి గ్రేడ్లు తెచ్చినప్పుడు ఉద్దేశం మంచిదే. ఫస్టు ర్యాంకు, సెకండ్ ర్యాంకు అంటూ పిల్లల ఫొటోలతో పేపర్ల మొదటి పేజీలు నింపే పోటీ ఆగాలని, ఒక్క మార్కు తగ్గితే ప్రాణం తీసుకునే పరిస్థితి పోవాలని చాలామంది కోరుకున్నారు. ప్రకటనలు మాత్రం ఆగలేదు. ర్యాంకుల స్థానంలో ‘10కి 10’ వచ్చిన వాళ్ల సంఖ్య ఫ్లెక్సీల మీదకెక్కింది. ఒత్తిడి తగ్గిందో లేదో వాదించుకోవచ్చు. గ్రేడ్ల వల్ల నష్టపోయిన పిల్లల సంగతిలో వాదనకు తావు లేదు.

తపాలా శాఖలోని గ్రామీణ డాక్ సేవక్ పోస్టుల సంగతే చూడండి. వీటికి రాత పరీక్ష ఉండదు, ఇంటర్వ్యూ ఉండదు. పదో తరగతి మార్కుల శాతాన్ని నాలుగు దశాంశ స్థానాల వరకూ లెక్కగట్టి జాబితా వేస్తారు. మెమోలో మార్కులు లేకపోతే గ్రేడు పాయింటును 9.5తో హెచ్చిస్తారు. తెలంగాణ గ్రేడ్లలో లెక్కలకు 91 నుంచి 100 వరకూ ఎన్ని వచ్చినా ఏ1, అంటే 10 పాయింట్లు. 9.5తో హెచ్చిస్తే 95. నూటికి నూరు తెచ్చుకున్న పిల్లకు 5 మార్కులు పోయాయి, 91తో గట్టెక్కిన పిల్లవాడికి 4 కలిశాయి. 90 వచ్చినా 81 వచ్చినా ఏ2 కాబట్టి ఇద్దరికీ 85.5. దశాంశంలో నాలుగో అంకె దగ్గర ఉద్యోగం తేలే చోట ఇది ఎంత పెద్ద తేడానో వేరే చెప్పాలా? పైగా ఆ 9.5 అన్నది మన పిల్లల మార్కులు చూసి కట్టిన లెక్క కాదు. సీబీఎస్‌ఈ తన విద్యార్థుల సగటు చూసుకుని పెట్టుకున్న అంకె అది.

ఇప్పుడు తెలంగాణలో ఇంకో చిక్కు వచ్చింది. 2025 నుంచి మెమోలో మళ్లీ మార్కులు వేస్తున్నారు, జీపీఏ (గ్రేడు పాయింట్ల సగటు) తీసేశారు. ఒకే ఇంట్లో అక్క 2019లో పదికి పది తెచ్చుకుంది, తమ్ముడు 2025లో 600కు 576 తెచ్చుకున్నాడు అనుకుందాం. ఇద్దరూ ఒకే పోస్టుకు దరఖాస్తు పెడితే తమ్ముడికి 96, అక్కకు 95. అక్క నిజంగా 98 శాతం తెచ్చుకుని ఉన్నా అంతే. ఆమె ఏం తప్పు చేసిందని ఈ శిక్ష?

కొవిడ్ ఏళ్లలో మెమో విలువ ఎంత పలచబడిందో అందరం చూశాం. 2021లో తెలంగాణలో పరీక్షలు జరగకుండానే సుమారు 5.2 లక్షల మంది ఉత్తీర్ణులయ్యారు, వాళ్లలో 2 లక్షల మందికి పైగా 10 జీపీఏ. అప్పటిదాకా పదో తరగతి ఫలితంతోనే సీట్లిచ్చిన బాసర ఆర్జీయూకేటీ (ట్రిపుల్ ఐటీ) ఆ ఏడాది పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలిసెట్ ర్యాంకులను ఆశ్రయించాల్సి వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2020 బ్యాచ్‌కు మొదట ‘పాస్’ అని మాత్రమే ఇచ్చారు. ఆ మాటతో ఉద్యోగ దరఖాస్తులు ముందుకు సాగక, తర్వాతి ఏడాది విశ్రాంత ఐఏఎస్ అధికారి ఛాయారతన్ కమిటీ వేసిన దారిలో ఆ పిల్లలకూ గ్రేడ్లు ఇవ్వాల్సి వచ్చింది.

నియమాలు మార్చే పద్ధతి కూడా మాకు బాధ కలిగిస్తోంది. ఆంధ్రప్రదేశ్ 2019లో, బడిలోనే వేసే 20 ఇంటర్నల్ మార్కులు ఎత్తేసింది. తెలంగాణ 2024 నవంబరు 28న అదే నిర్ణయం ప్రకటించింది. మార్చిలో పరీక్షలు, అప్పటికే సగం ఏడాది అయిపోయింది. విమర్శలు రాగానే మరునాడే ఆ ఏడాదికి ఆపింది, తర్వాత రాత పరీక్షకు 80, ఇంటర్నల్‌కు 20 అన్న పద్ధతినే కొనసాగించింది. తొమ్మిదో తరగతిలో అడుగుపెట్టే నాటికే తన మెమో ఎలా ఉండబోతోందో విద్యార్థికి తెలియాలి. ఆ తర్వాత ఒక్క గడి కూడా మార్చకూడదు.

ఇంటర్నల్ మార్కులు ఉండాలనే మేము అంటాం. ఏడాది పొడవునా చేసిన ప్రాజెక్టు, నోటుపుస్తకంలో సొంతంగా రాసిన జవాబు మూడు గంటల పరీక్షలో కనబడవు. అయితే రికార్డులు చూడకుండా అందరికీ 20కి 20 వేసే బడులు ఉన్నాయని ఉపాధ్యాయులే చెబుతారు. పరిశీలన బృందాలు నిజంగా పుస్తకాలు తెరిచి చూడాలి. సహపాఠ్య అంశాలదీ అదే కథ. విలువల విద్య, కళలు, పని విద్య, వ్యాయామ విద్య అని గళ్లు గీసి గ్రేడ్లు వేస్తారు. పీఈటీ లేని బడిలో వ్యాయామ విద్యకు గ్రేడు వేసేదెవరు? జిల్లా జట్టుకు కబడ్డీ ఆడి మోకాలు చీరుకుపోయిన పిల్లకూ, మైదానం మొహం చూడని పిల్లకూ ఒకే ‘ఏ’ పడితే ఆ గడి ఎవరికీ పనికిరాదు. ఏ ఆట ఆడింది, ఏ స్థాయిలో ఆడింది అన్నది ఒక్క వాక్యం రాసినా ఆ కాగితానికి విలువ వస్తుంది.

అన్నిటికంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది. గ్రేడ్లు మార్కుల నుంచే తీశారు. పరీక్షలు రాసిన గ్రేడ్ల బ్యాచ్‌లందరి మార్కులనూ ప్రభుత్వ పరీక్షల విభాగాలు బయటకు తీయాలి. పరీక్షలు రద్దయిన 2020, 2021 పిల్లలకు ఏ నిష్పత్తి వర్తిస్తుందో రాతపూర్వకంగా ప్రకటించాలి. రుసుము లేకుండా, హెడ్‌మాస్టర్ సంతకం కోసం ఊరూరా తిప్పకుండా, ఆ మార్కుల పత్రాన్ని నేరుగా డిజిలాకర్‌లో పెట్టాలి. గ్రేడు, మార్కులు రెండూ ఉన్న మెమోకు మార్కులనే తీసుకుంటామని తపాలా శాఖ నిబంధనలే చెబుతున్నాయి కాబట్టి, ఈ పత్రానికీ అదే విలువ ఇవ్వాలని రెండు రాష్ట్రాలూ ఆ శాఖకు రాయాలి. తర్వాతి డాక్ సేవక్ నోటిఫికేషన్ వచ్చేలోపు ఇది పూర్తి చేయాలని రెండు ప్రభుత్వాలనూ కోరుతున్నాం.