తాత్కాలికంగా పన్నెండేళ్ళ నుంచీ ఇక్కడే

మొన్న టెక్సాస్‌లో, డాలస్ పక్కన ఇర్వింగ్‌లో ఒక శ్రీమంతానికి వెళ్ళా. లోపల ఆడవాళ్ళు గాజులు తొడుగుతున్నారు, మగాళ్ళంతా ప్లేట్లు పట్టుకుని గరాజ్‌లో చేరారు, అక్కడ వైటూకే అంకుల్ అమెరికా రాజ్యాంగం మీద క్లాసు పీకుతున్నాడు, టెంపరరీ వీసా వాళ్ళకి ఇక్కడ పుట్టే పిల్లలకి పౌరసత్వం లేదన్న ట్రంప్ ఆర్డర్ న్యాయమే అని. వైటూకే అంకుల్ ఎవరో మీకు చెప్పక్కర్లేదు, డాలస్‌లో ప్రతి ఫంక్షన్‌కీ ఒకడుంటాడు. 2000 సంవత్సరం వస్తే కంప్యూటర్లు తికమకపడతాయన్న వైటూకే భయం రోజుల్లో, 1999లో, కోబాల్ అనే పాత ప్రోగ్రామింగ్ భాష పుణ్యమా అని దిగాడు, ఇప్పుడు మూడిళ్ళు, రెండు అద్దెకిచ్చాడు, ఆ అద్దెకుండేది కూడా హెచ్1బీ అనే టెంపరరీ ఉద్యోగ వీసా మీదొచ్చిన పిల్లలే. "పద్నాలుగో సవరణ సరిగ్గా చదవండయ్యా, ఇక్కడ పుట్టి ఈ దేశ పరిధికి లోబడి ఉన్నవాళ్ళే పౌరులు అని ఉంది. లోబడి అన్నాడు. టెంపరరీగా వచ్చినోళ్ళు లోబడినట్టు ఎలా అవుద్ది?" అంటూ గారె తుంచి సాంబార్లో ముంచాడు. కాబోయే తండ్రి, హెచ్1బీ కుర్రాడు, పాపం ఆ అంకుల్‌కే ఇంకో గారె వడ్డిస్తున్నాడు.

అప్పట్నుంచీ ఆ టెంపరరీ అనే మాట చెవిలో జోరీగలా తిరుగుతోంది నాకు.

టెంపరరీ అంటే ఏంటో తెలుగువాడికి ఇంకోడు నేర్పాలా? వెలగపూడిలో టెంపరరీ సచివాలయం 2016లో కట్టారు, కట్టినవాళ్ళు దిగారు, వేరేవాళ్ళు వచ్చారు, మళ్ళీ కట్టినవాళ్ళే వచ్చారు, అది మాత్రం కదల్లేదు. హెచ్1బీ కూడా అదే జాతి. ఏడాదికిచ్చే ఉద్యోగ గ్రీన్‌కార్డుల్లో ఒక్కో దేశానికి 7 శాతమే అని పరిమితి పెట్టారు కాబట్టి 2013 చివర్లో ఈబీ2 అనే గ్రీన్‌కార్డు లైన్లో నిలబడ్డ ఇండియావాడు 2025లో కూడా ఆ లైన్లోనే ఉన్నాడు. వాడికి ముప్పయ్యేళ్ళ హోమ్‌లోన్ ఉంది, జుట్టు ఊడింది, సోషల్ సెక్యూరిటీ పెన్షన్‌కీ మెడికేర్ వైద్యబీమాకీ ప్రతి పే చెక్కులో కోత పడుతోంది, అయినా వాడు టెంపరరీ. ఇంటి లోను పర్మనెంటు, మనిషి టెంపరరీ.

పోనీ నిజంగానే మేం ఈ దేశ పరిధికి లోబడి లేమంటే నాకు పరమానందం. రేపే టోల్‌వే మీద 95లో పోతా, పోలీసాయన ఆపితే "సార్, తమరి పరిధికి నేను లోబడి లేనట, మా అంకుల్ చెప్పాడు" అంటా. ఏప్రిల్ 15న పన్నులు వసూలు చేసే ఐఆర్ఎస్‌కి కూడా అదే ఉత్తరం రాస్తా. పరిధికి లోబడకపోవడమంటే విదేశీ రాయబారికుండే రక్షణ అయ్యా, ఎక్స్‌టెన్షన్ పేపర్ల కోసం లాయర్ చుట్టూ తిరిగేవాడికి కాదు.

ఇదేదో ఇంతకుముందు ఎవరికీ తట్టని ప్రశ్న అనుకునేరు. శాన్‌ఫ్రాన్సిస్కోలో చైనా దంపతులకి పుట్టిన వాంగ్ కిమ్ ఆర్క్ అనే వంటాయన 1895లో చైనా వెళ్ళి తిరిగొస్తే నువ్వు పౌరుడివి కాదు పొమ్మని దిగనివ్వకుండా ఓడల్లో నెలల తరబడి కూర్చోబెట్టారు. పుట్టిన ఊరు ఎదురుగా కనపడుతూనే ఉంది! 1898లో సుప్రీంకోర్టు 6-2తో ఆయన పౌరుడే అని తేల్చేసింది. ట్రంప్ ఆర్డర్‌ని సమర్థిస్తూ సర్కారు లాయర్లు ఆ తీర్పుని భూతద్దం పెట్టి చూసి "ఆ తల్లిదండ్రులు ఇక్కడ స్థిరనివాసం ఉన్నారని రాశారు కదా, పాయింటంతా అదే" అన్నారు. నూటపాతికేళ్ళుగా ఆ తీర్పు చదివినవాళ్ళందరికీ కళ్ళజోడు లేదన్నమాట.

ట్రంప్ గారు ఆ ఆర్డర్ మీద 2025 జనవరి 20న సంతకం పెట్టారు. తల్లి అక్రమంగా ఉన్నా, సక్రమంగానే ఉండి వీసా టెంపరరీ అయినా, తండ్రికి పౌరసత్వమో గ్రీన్‌కార్డో లేకపోతే బిడ్డకి పౌరసత్వం లేదట. ముప్పై రోజుల తర్వాత పుట్టినవాళ్ళకి వర్తింపు, అంటే ఫిబ్రవరి 19 నుంచి. ముహూర్తం చూసి సిజేరియన్ చేయించుకునే జాతి మనది, మనకి డెడ్‌లైన్ ఇస్తే ఊరుకుంటామా? నాకు సీను కళ్ళకి కట్టినట్టు కనపడుతోంది. రాజమండ్రిలో సిద్ధాంతి గారు, వీడియో కాల్లో న్యూజెర్సీ అల్లుడు.

"ఫిబ్రవరి 4 రథసప్తమి, దివ్యంగా ఉంది నాయనా."

"అప్పటికి ముప్పైమూడు వారాలే అండి."

"పోనీ 8న భీష్మ ఏకాదశి."

"డాక్టరమ్మ తిడుతోందండి."

"అలాంటప్పుడు నెలలు నిండనీ. మార్చిలో బ్రహ్మాండమైన లగ్నం, గురుబలం కూడా ఉంది."

"గురుబలం ఉంటది గానీ పాస్‌పోర్టు బలం పోద్దండి. 18 రాత్రి లోపల ఏదైనా చూడండి, వర్జ్యమైనా పర్లేదు."

"వర్జ్యమైనా పర్లేదా! సరే, ఇండియా టైమా, అమెరికా టైమా?"

"ఈస్టర్న్ టైమండి. కోర్టు స్టే ఇచ్చే యోగం ఏమన్నా ఉందేమో కూడా చూస్తారా?"

ఆ యోగం పంచాంగంలో లేదు గానీ సియాటిల్‌లో ఉంది. ట్రంప్ పార్టీకే చెందిన పాత ప్రెసిడెంటు రీగన్ వేసిన జడ్జి కోఫెనార్ మూడో రోజే, జనవరి 23న, ఆర్డర్ ఆపేశాడు. కానీ సిద్ధాంతి గారి సీను నేను సరదాకి రాశా గానీ, నెలలు నిండకుండానే సిజేరియన్ చెయ్యమని ఇండియన్ ఆడవాళ్ళు డాక్టర్లకి నిజంగానే ఫోన్లు చేశారని వార్తలొచ్చాయి. ఊపిరితిత్తులు తయారవని బిడ్డని ఒక సంతకానికి భయపడి బయటికి తీయమని అడిగే పరిస్థితి తెచ్చారు ఒక తల్లికి. దీని మీద గారెలు తింటూ చర్చలా? సిగ్గుండాలి.

జూన్ 27న సుప్రీంకోర్టు ఇంకో చిత్రం చేసింది. ఆర్డర్ సరైందా కాదా మేం చెప్పం, దేశం మొత్తానికీ స్టేలిచ్చే అధికారం మాత్రం కింది జడ్జీలకి లేదు అని 6-3తో తేల్చింది. కేసేసింది 22 రాష్ట్రాలు, టెక్సాస్ అందులో లేదు. అంటే న్యూజెర్సీలో పుడితే పౌరుడు, ఇర్వింగ్‌లో పుడితే గాల్లో దీపం అన్నట్టు తయారయ్యేది, జులై 10న న్యూ హాంప్‌షైర్ జడ్జి పుట్టినవాళ్ళనీ పుట్టబోయేవాళ్ళనీ కలిపి ఒక క్లాసుగా, అంటే ఒకే కేసులో వాదుల గుంపుగా కట్టి ఆర్డర్‌ని ఆపబట్టి సరిపోయింది. పొత్తిళ్ళలోకి కూడా రాకుండానే వాదులైపోయారు పిల్లలు! ఆ కేసునే 2025 డిసెంబర్ 5న సుప్రీంకోర్టు విచారణకి తీసుకుంది.

గరాజ్‌లోకి మళ్ళీ వద్దాం. అంకుల్ చివరి అస్త్రం తీశాడు. "అసలా సవరణ బానిసల కోసం రాసింది, మనలాంటోళ్ళ కోసం కాదు."

అవును, బానిసల కోసమే. నల్లవాళ్ళు ఎప్పటికీ పౌరులు కాలేరని 1857లో డ్రెడ్ స్కాట్ కేసులో ఇదే సుప్రీంకోర్టు రాజ్యాంగాన్ని వ్యాఖ్యానించింది, తర్వాత లక్షల మంది యుద్ధంలో చచ్చారు, ఇంకెప్పుడూ ఏ కోర్టూ ఏ ప్రెసిడెంటూ పసిపిల్లల పుట్టుకలో కులగోత్రాలు వెతక్కూడదని 1868లో ఆ వాక్యం రాసుకున్నారు. ఆ మనుషుల ఒళ్ళు హూనమైతే వచ్చిన వాక్యం అది అంకుల్, దాని పుణ్యాన్నే మీ కొడుకుల పాస్‌పోర్టులు. ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్ళని చూశా గానీ, తెప్ప మీద ఇంకా జనం ఉండగా తగలేసేవాళ్ళని చూళ్ళేదు. మేం వేరు, మేం లీగల్ అని ఛాతీ విరుచుకోకండి. నేను అగ్రకులం ఆర్యుణ్ణి, తెల్లవాడి కిందే లెక్క అని భగత్ సింగ్ థిండ్ కోర్టుకి ఎక్కితే 1923లో కాదు పొమ్మన్నారు, అప్పటికే పౌరసత్వం వచ్చిన మనవాళ్ళ దగ్గర కూడా లాక్కున్నారు. ఇండియాలో ఈ పుట్టుక హక్కుని 1987లో సగం, 2004లో ఇంకాస్త కోసేశారు, అప్పుడు చప్పట్లు కొట్టింది కూడా ఈ అంకుల్సే, అది ఇంకోసారి తిడతా.

ఇవన్నీ అక్కడ అన్లేదు, ఫంక్షన్ కదా. ఒక్కటే అడిగా, "అంకుల్, మీ పెద్దోడు 2001లో పుట్టినప్పుడు మీరూ ఆంటీ ఏ వీసా మీద ఉన్నారు?"

అంకుల్ ప్లేట్లోకి చూశాడు. "నాది హెచ్1, ఆంటీది డిపెండెంటు వీసా, హెచ్4" అన్నాడు. కాసేపాగి, "అది వేరు" అన్నాడు.

కుర్రాడు ఇంకో గారె వేశాడు.