ఐదేళ్లను చెరపని ‘ఎండ్‌గేమ్’

కాలంలో వెనక్కి వెళ్లే కథ ఏదైనా సరే, చూసేవాడికి ఒక అనుమానం రాకమానదు. వెనక్కి వెళ్లి అంతా సరిచేసుకోగలిగితే ఇక పోయేదేముంది? మాఫీ అవుతుందని ముందే తెలిసిన అప్పు ఎవరినీ భయపెట్టదు. 2019 ఏప్రిల్‌లో వచ్చిన మార్వెల్ సూపర్‌హీరోల సినిమా ‘అవెంజర్స్: ఎండ్‌గేమ్’కీ ఈ చిక్కు ఉంది. ఆ సినిమా దాన్ని చాలావరకు తెలివిగా దాటింది. చివరికి వచ్చేసరికి మాత్రం తడబడింది.

అంతకుముందు ఏడాది వచ్చిన ‘ఇన్ఫినిటీ వార్’ చివర్లో విలన్ థానోస్ చిటికె వేస్తే సృష్టిలో సగం ప్రాణులు బూడిదైపోయాయి. (తెలుగు డబ్బింగ్‌లో ఆ థానోస్ గొంతు మన రానాదే. బాగా నప్పింది కూడా.) మామూలు సీక్వెల్ అయితే అతని మీద పగ తీర్చుకోవడానికే మూడు గంటలు తీసుకునేది. ఇక్కడ సినిమా మొదలైన కాసేపటికే థోర్ అతని తల నరికేస్తాడు. దానివల్ల ఒరిగేదేమీ లేదు, ఎందుకంటే ఆ చిటికెకి శక్తినిచ్చిన ఇన్ఫినిటీ స్టోన్స్‌ను థానోస్ అప్పటికే నాశనం చేసేశాడు. ఆ వెంటనే కథ ఐదేళ్లు ముందుకు దూకుతుంది.

ఈ ఐదేళ్లే సినిమాకి ప్రాణం. ఐరన్‌మ్యాన్ టోనీ స్టార్క్‌కి ఈలోపు పెళ్లయింది, మోర్గాన్ అనే కూతురు పుట్టింది. గతంలోకి వెళ్దామని పాత స్నేహితులు వస్తే అతను ముందు కుదరదంటాడు. తర్వాత ఒప్పుకున్నా ఒక షరతు పెడతాడు: పోయినవాళ్లని తెచ్చుకుందాం కానీ, ఈ ఐదేళ్లలో తనకు దక్కింది మాత్రం పోకూడదు. అందుకే వాళ్లు జరిగినదాన్ని జరగకుండా ఆపే ప్రయత్నమే చేయరు. గతాన్ని మారిస్తే మన వర్తమానం మారదని హల్క్ అయిన బ్రూస్ బానర్ చెప్పే సూత్రం కూడా దీనికి సరిపోతుంది. పాత కాలాల్లోంచి స్టోన్స్ అరువు తెచ్చి, మాయమైనవాళ్లని ఐదేళ్ల తర్వాతి లోకంలోకి రప్పిస్తారు.

అంటే లోకం మొత్తం ఆ ఐదేళ్లనీ మోయాల్సిందే. తర్వాత వచ్చిన ‘స్పైడర్‌మ్యాన్: ఫార్ ఫ్రమ్ హోమ్’లో తమ్ముడు అన్నకంటే పెద్దవాడైపోవడం స్కూల్ పిల్లల మధ్య జోకు. ‘వాండావిజన్’ సిరీస్‌లో అదే విషయం గుండెల్ని పిండేస్తుంది. ఆస్పత్రిలో తల్లి పక్కన మాయమైన మోనికా తిరిగొచ్చేసరికి ఆ తల్లి చనిపోయి ఉంటుంది. ఒక చిన్నపిల్ల కోసం తీసుకున్న నిర్ణయానికి కోట్లమంది కట్టిన ధర ఇది. టోనీ చేసింది న్యాయమేనా అని ‘ఎండ్‌గేమ్’లో ఒక్కరూ అడగరు. కనీసం ఒక్క సీనైనా ఉండాల్సిందనిపిస్తుంది.

ఇంతమంది తారలున్నా సినిమా గజిబిజి కాకపోవడానికీ చిటికే కారణం. స్పైడర్‌మ్యాన్, బ్లాక్ పాంథర్, డాక్టర్ స్ట్రేంజ్ అందరూ ముందే మాయమయ్యారు. 2012లో వచ్చిన మొదటి ‘అవెంజర్స్’లోని ఆరుగురూ మిగిలారు. ఇది యాదృచ్ఛికం కాదు. మిగిలినవాళ్లని మూడు జట్లు చేసి 2012 న్యూయార్క్‌కి, 2013 ఆస్గార్డ్‌కి, 2014 నాటి గ్రహాలకి పంపారు. దాంతో ఒక్కో సీన్‌లో ఇద్దరు ముగ్గురే ఉంటారు, వాళ్లకి మాట్లాడుకునే తీరిక దొరుకుతుంది. థోర్ తన తల్లిని, టోనీ 1970లో తన తండ్రిని కలిసే సీన్లు అలా పుట్టినవే. మిగతా హీరోలంతా చివరి యుద్ధానికిగానీ దిగరు. అప్పుడు థియేటర్లలో పడిన ఈలలు అంతసేపు దాచి ఉంచినందుకే.

తడబాటు కెప్టెన్ అమెరికా స్టీవ్ రోజర్స్ దగ్గర. స్టోన్స్ తిరిగి ఇచ్చిరావడానికి వెళ్లి, పాత కాలంలోనే తన ప్రేయసి పెగ్గీతో ఉండిపోయి, ముసలివాడై బెంచీ మీద కనిపిస్తాడు. అతను గడిపిన జీవితం ఏ కాలానిది? మన కాలం నుంచి చీలిన వేరే శాఖలోనిదని దర్శకులు రూసో సోదరులు, మన కాలంలోదేనని రచయితలు మార్కస్, మెక్‌ఫీలీ ఇంటర్వ్యూల్లో చెప్పారు. సినిమా తీసినవాళ్లకే కుదరని లెక్క ఇది. నా అభ్యంతరం లెక్క గురించి మాత్రం కాదు. మిగతావాళ్లంతా పోగొట్టుకున్నదానితో బతకడం నేర్చుకుంటే, ఒక్క స్టీవ్‌కే పోయిన జీవితం తిరిగి దక్కింది. ఒక స్టోన్ కోసం వోర్మిర్ గ్రహం మీద ప్రాణమిచ్చిన బ్లాక్ విడో నటాషాకైతే అంత్యక్రియల సీన్ కూడా లేదు. సరస్సు ఒడ్డున ఐదుగురు మగవాళ్ల కన్నీళ్లతో సరిపెట్టారు.

చివరి యుద్ధంలో టోనీ చావుని మాత్రం సినిమా గట్టిగా నిలబెట్టింది. ఏ స్టోనూ అతన్ని తిరిగి తేలేదు. మార్కెట్ తెచ్చింది. ‘అవెంజర్స్: డూమ్స్‌డే’లో టోనీగా చేసిన రాబర్ట్ డౌనీ జూనియరే విలన్ డాక్టర్ డూమ్‌గా నటిస్తున్నాడని 2024 జులైలో శాన్ డియాగో కామిక్ కాన్‌లో ప్రకటించారు. దర్శకులు మళ్లీ రూసో సోదరులే. పాత్ర వేరు, నిజమే. కానీ వేదిక మీద అతను ముసుగు తీసినప్పుడు జనం కేకలేసింది డూమ్‌ని చూసి కాదు.