అసెంబ్లీ కాకముందు అది టౌన్ హాల్

హైదరాబాద్‌లో పబ్లిక్ గార్డెన్స్‌ను ఆనుకుని ఉన్న ఆ తెల్ల గుమ్మటాల భవనాన్ని అందరూ అసెంబ్లీ అంటారు. కానీ దాన్ని కట్టింది అసెంబ్లీ కోసం కాదు. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ నలభయ్యో పుట్టినరోజు గుర్తుగా నగర జనం చందాలు వేసుకుని కట్టించుకున్న టౌన్ హాల్ అది. 1905లో పని మొదలైంది. మధ్యలో 1908 మూసీ వరద నగరాన్ని ముంచేసింది, 1911లో ఆ నిజామే కన్నుమూశారు, అయినా 1913కి భవనం పూర్తయింది. నాకు దాని మీద ఇంత అభిమానం ఉండటానికి సగం కారణం ఇదే.

మిగతా సగం దాని అందం. రాజస్థానీ, పర్షియన్ పద్ధతులు రెండూ కలిపి కట్టారు, రాయి రాజస్థాన్‌లోని మక్రానా నుంచి తెప్పించారు. గుమ్మటాలు, స్తంభాల మీద గొడుగుల్లా నిలిచే చిన్న చిన్న ఛత్రీలు, వరసగా కమాన్లు, ఇన్ని ఉన్నా ఎక్కడా బరువుగా అనిపించదు. హైకోర్టు, కాచిగూడ స్టేషన్, సిటీ కాలేజీ గురించి అందరూ మాట్లాడతారు, మాట్లాడాల్సిందే, కానీ ఆ భవనాలన్నీ దీని తర్వాత లేచినవే.

1980లలో పక్కనే కొత్త సభా భవనం కట్టినప్పుడు పాతదాని పోలికలోనే కట్టారు, అది మంచి పని. అయితే రోడ్డు మీద నుంచి చూసేవాళ్లకు ఏది పాతదో ఏది కొత్తదో తెలియాలంటే ఎవరో ఒకరు చెప్పాలి కదా!

నా కోపమంతా ఇక్కడే. జనం డబ్బుతో కట్టిన హాలుకి ఇవాళ జనం గేటు దగ్గరే ఆగిపోవాలి. సభ జరిగే రోజుల్లో సెక్యూరిటీ టెన్షన్ ఉంటుంది, అది నాకు అర్థమవుతుంది. మరి సభ లేని రోజుల సంగతి ఏమిటి? బొల్లారంలోని రాష్ట్రపతి నిలయాన్ని 2023 నుంచి జనం చూడటానికి తెరిచారు, టికెట్ తీసుకుని లోపల తిరిగి రావచ్చు. దేశ ప్రథమ పౌరుల విడిదికే వీలైనప్పుడు టౌన్ హాల్‌కి ఎందుకు వీలు కాదు?

ఇంకో మాట, డంగు సున్నం (ఇసుక కలిపి గానుగలో నూరిన సున్నం) కాలం నాటి గోడలకు సిమెంటు పూస్తే లోపలి తేమ బయటికి రాక గోడ ఉబ్బి పెచ్చులూడిపోతుంది. అందుకే ఇలాంటి భవనాల మరమ్మతులు పాత పనితనం తెలిసిన మేస్త్రీలతోనే చేయించాలి, ఏ పని ఎప్పుడు ఎలా చేశారో జనానికి చెప్పాలి.

సమావేశాలు లేని నెలల్లో కనీసం ఆదివారాలైనా, గుర్తింపు కార్డు చూసి, చిన్న గుంపులుగా లోపలికి పంపండి. గేటు దగ్గర తెలుగులో, ఉర్దూలో ఒక బోర్డు పెట్టి, దీన్ని నగర ప్రజలే కట్టించుకున్నారని రాయండి.