సర్టిఫికెట్ మీద ఉన్న ముద్రలు ఎవరివి?

వరంగల్, హన్మకొండ, కాజీపేట వాట్సాప్ గ్రూపుల్లో కొన్ని నెలలుగా ఒక మెసేజ్ తిరుగుతోంది. నాకైతే నాలుగు గ్రూపుల్లో వచ్చింది, అందులో ఒకటి మా కాలనీ మంచినీళ్ల గ్రూపు. సారాంశం ఇదీ: "డిగ్రీ అక్కర్లేదు. 30 రోజుల్లో ఇంటర్నేషనల్ సర్టిఫైడ్ డిజిటల్ మార్కెటర్ అవ్వండి. మాది ఐఎస్ఓ 9001 సంస్థ. భారత ప్రభుత్వ ఎంఎస్ఎంఈ గుర్తింపు ఉంది. గూగుల్ పార్ట్‌నర్. మీ సర్టిఫికెట్‌ను క్యూఆర్ కోడ్‌తో ఎక్కడైనా వెరిఫై చేసుకోవచ్చు, డిజిలాకర్‌లో పెట్టుకోవచ్చు. 100 శాతం జాబ్ గ్యారంటీ. ఫీజు 14,999, ఈ రోజు మాత్రమే 2,999."

నేను హన్మకొండలో చిన్న ఆఫీసు పెట్టుకుని బట్టల షాపులకు, పంటి డాక్టర్లకు, టిఫిన్ సెంటర్లకు ఆన్‌లైన్ యాడ్స్ నడుపుతుంటాను. పనికి మనుషులు కావాలి కాబట్టి ఇలాంటి సర్టిఫికెట్లు నా బల్ల మీదికి వస్తూనే ఉంటాయి. కిందటి నెల మా చిన్నమ్మ కొడుకే ఒకటి పట్టుకొచ్చాడు. "అన్నా, గవర్నమెంట్ గుర్తింపు ఉన్నదే తీసుకున్న" అన్నాడు. చేతిలోకి తీసుకుంటే పెళ్లి పత్రిక అంత మందంగా ఉంది. బంగారు రంగు అంచు, అడుగున వరసగా ఐదు ముద్రలు. వాటిలో ఒకటి రెండు నిజమైనవే అయ్యుండొచ్చు. కానీ అవి ఎవరి గురించి చెబుతున్నాయో మావాడు అడగలేదు.

ఐఎస్ఓతో మొదలుపెడదాం, అందరినీ బోల్తా కొట్టించేది అదే. జెనీవాలో ఉండే ఆ సంస్థ ప్రమాణాలు రాస్తుంది, అంతవరకే. ఎవరికీ సర్టిఫికెట్ ఇవ్వదు, తన లోగోను ఇలా వాడుకోనివ్వదు కూడా. కాబట్టి కోర్సు సర్టిఫికెట్ మీద ఐఎస్ఓ లోగోనే అచ్చువేశారంటే అక్కడే అనుమానించాలి. 9001 సర్టిఫికెట్లు ఇచ్చేవి విడిగా ఉండే ఆడిట్ సంస్థలు. వాటిని పరిశీలించి అక్రిడిటేషన్, అంటే సర్టిఫికెట్లు ఇచ్చే అర్హత ఉందన్న గుర్తింపు, ఇచ్చే పని మన దేశంలో క్వాలిటీ కౌన్సిల్ కింద ఉన్న ఎన్ఏబీసీబీ చేస్తుంది. అదేమీ లేకుండా కాగితాలు అమ్మే ఏజెన్సీలూ ఉన్నాయి. నాకే ఫోన్ చేశారు: "సార్, మా ఆడిటర్ రావాల్సిన పని లేదు, జీఎస్టీ కాపీ పంపండి, రేపటికి పీడీఎఫ్ వస్తుంది."

సరే, అసలైన 9001 ఉందనే అనుకుందాం. అది చెప్పేదేమిటంటే, ఆ సంస్థ తన పనులు ఒక పద్ధతి ప్రకారం చేసుకుంటోంది, రికార్డులు రాసుకుంటోంది, ఫిర్యాదు వస్తే ఏం చేయాలో ముందే అనుకుని పెట్టుకుంది అని. చదివినవాడికి పని వచ్చిందో రాలేదో దానికి సంబంధం లేదు. రైస్ మిల్లుకు కూడా 9001 ఉంటుంది. ఆ మిల్లు బియ్యం తిన్నవాళ్లంతా ఐఎస్ఓ సర్టిఫైడ్ అయిపోరు కదా. ఎవరైనా 9001 అంటే ఐఏఎఫ్ సర్ట్‌సెర్చ్ అనే వెబ్‌సైట్‌లో ఆ సంస్థ పేరు కొట్టి చూడండి. దొరక్కపోతే, ఇచ్చిన ఏజెన్సీ ఏది, దానికి అక్రిడిటేషన్ ఎవరిచ్చారు అని అడగండి. ఈ రెండో ప్రశ్నకు నాకు ఇంతవరకు ఎవరూ తిన్నగా జవాబు చెప్పలేదు.

ఎంఎస్ఎంఈ అంటే సూక్ష్మ, చిన్న, మధ్య తరహా వ్యాపారాలు. దాని సంగతి రెండు ముక్కల్లో తేలిపోతుంది. 2020 జులై 1 నుంచి కేంద్ర ప్రభుత్వ ఉద్యమ్ పోర్టల్‌లో ఆధార్ నంబరుతో ఎవరి వ్యాపార వివరాలు వాళ్లే నింపి రిజిస్టర్ చేసుకోవచ్చు. పైసా ఖర్చు లేదు. నా ఆఫీసుకూ ఉంది, మా సందు చివర పిండి గిర్నీకీ ఉంది. అది వ్యాపారం ఉందని చెప్పే నంబరు, కోర్సుకు గుర్తింపు కాదు. స్కిల్ కోర్సుకు ప్రభుత్వ గుర్తింపు అని చెప్పుకోవాలంటే చూడాల్సింది ఎన్‌సీవీఈటీ గుర్తింపు. వృత్తి శిక్షణ కోర్సులను నియంత్రించే కేంద్ర ప్రభుత్వ సంస్థ అది. అలా గుర్తింపు వచ్చిన కోర్సుకు ఒక లెవెల్ ఉంటుంది, నేషనల్ క్వాలిఫికేషన్ రిజిస్టర్‌లో పేరు ఉంటుంది. వెతికితే కనబడాలి. మా తమ్ముడి కోర్సు కనబడలేదు.

"గూగుల్ పార్ట్‌నర్" అన్నది ఇంకో రకం. అలాంటి బ్యాడ్జీ నిజంగానే ఉంది. యాడ్ ఏజెన్సీలకు ఇస్తారు. ఏజెన్సీ నడిపే అకౌంట్లలో 90 రోజుల్లో 10,000 డాలర్ల యాడ్ ఖర్చు ఉండాలి, అకౌంట్ల ఆప్టిమైజేషన్ స్కోరు (అకౌంట్ ఎంత బాగా సెట్ చేశారో గూగుల్ వేసే మార్కులు) కనీసం 70 శాతం ఉండాలి, అకౌంట్లు చూసుకునేవాళ్లలో కనీసం సగం మందికి గూగుల్ యాడ్స్ సర్టిఫికేషన్ ఉండాలి. అంటే ఆ ఏజెన్సీ యాడ్స్ నడపడం గురించిన బ్యాడ్జీ అది. "గూగుల్ తరఫున మీకు సర్టిఫికెట్ ఇస్తాం" అనే హక్కు దాంతో రాదు. అసలు గూగుల్ యాడ్స్ పరీక్ష గూగుల్ వాళ్ల శిక్షణ వెబ్‌సైట్ స్కిల్‌షాప్‌లో ఎవరైనా ఉచితంగా రాసుకోవచ్చు. 80 శాతం రావాలి, సర్టిఫికెట్ ఏడాది పాటు చెల్లుతుంది, తర్వాత మళ్లీ రాయాలి. యాడ్స్ పద్ధతులు అంత తొందరగా మారిపోతుంటాయి. మావాడి సర్టిఫికెట్ మీద మాత్రం "లైఫ్‌టైమ్ వాలిడిటీ" అని ఉంది.

ఇక క్యూఆర్ కోడ్. ఇది నా చేతులతో నేనే చేసి చూశాను. స్కాన్ చేస్తే ఒక పేజీ తెరుచుకుంది. మావాడి పేరు, తేదీ, పక్కన పెద్ద ఆకుపచ్చ టిక్కు. వాడి మొహం వెలిగిపోయింది. పైన లింకు చివర సర్టిఫికెట్ నంబరు కనిపిస్తోంది. ఊరికే ఆ నంబరు చెరిపేసి, నోటికొచ్చిన నాలుగు అంకెలు కొట్టాను. అదే పేజీ వచ్చింది. పేరు ఉండాల్సిన చోట ఖాళీ, పక్కన ఆకుపచ్చ టిక్కు మాత్రం చెక్కు చెదరలేదు. ఎవరికైనా టిక్కు కొట్టే పేజీ అది. సర్టిఫికెట్ అచ్చువేసినవాడే "అవును, ఇది నేను అచ్చువేసిందే" అంటే వెరిఫికేషన్ ఎలా అవుతుంది? గూగుల్ యాడ్స్ సర్టిఫికెట్ అయితే స్కిల్‌షాప్ పేరున్న పేజీలో తెరుచుకుంటుంది. ఫేస్‌బుక్ నడిపే మెటా ఇచ్చే బ్యాడ్జీలు క్రెడ్లీ అనే వేరే సంస్థ పేజీలో కనబడతాయి. స్కాన్ చేశాక టిక్కు కాదు, పైన ఉన్న వెబ్‌సైట్ అడ్రస్ చదవండి.

డిజిలాకర్ మాట కూడా అలాంటిదే. అందులో ఇష్యూడ్ డాక్యుమెంట్స్ అని ఒకచోట ఉంటుంది. మీ డ్రైవింగ్ లైసెన్స్ లాంటివి ఇచ్చిన శాఖ నుంచే అక్కడికి వస్తాయి. డ్రైవ్ అని ఇంకో చోట ఉంటుంది, అక్కడ మనమే అప్‌లోడ్ చేసుకుంటాం. నిన్నటి కరెంటు బిల్లు ఫొటో కూడా అందులో పెట్టుకోవచ్చు. "డిజిలాకర్‌లో పెట్టుకోవచ్చు" అన్న మాట అబద్ధం కాదు మరి!

ఇంతకీ వాడికి పని వచ్చా? నక్కలగుట్టలో ఒక పంటి డాక్టర్ గారి గూగుల్ యాడ్స్ అకౌంట్ తెరిచి ముందు పెట్టాను. రోజుకు 300 రూపాయల బడ్జెట్. "తమ్మీ, డబ్బు ఎక్కడ కారిపోతోందో చెప్పు" అన్నాను. జనం ఏం వెతికి మన యాడ్ నొక్కారో చూపించే సెర్చ్ టర్మ్స్ పేజీ ఎక్కడుందో వాడికి తెలియదు. నేనే తెరిచాను. "డెంటల్ అసిస్టెంట్ జాబ్స్", "పంటి నొప్పికి ఇంటి చిట్కా" అని వెతికినవాళ్లు కూడా క్లిక్ చేసి పోతున్నారు. డాక్టర్ దగ్గరికి వచ్చేవాళ్లు కాదు వాళ్లు, అయినా ప్రతి క్లిక్కుకూ డబ్బు పోతుంది. ఇలాంటి మాటల్ని నెగెటివ్ కీవర్డ్స్‌లో వేసి ఆపేయాలి. లొకేషన్ సెట్టింగ్ కూడా గూగుల్ ముందే పెట్టి ఉంచినట్టే వదిలేశారు. హన్మకొండలో ఉన్నవాళ్లకే కాదు, హన్మకొండ మీద ఆసక్తి చూపినవాళ్లు ఎక్కడున్నా వాళ్లకూ యాడ్ పోతోంది. "అన్నా, మాకు ఇవేం చెప్పలే. వీడియోలు చూసి క్విజ్ రాసినం" అన్నాడు. తప్పు వాడిది కాదు.

"100 శాతం జాబ్ గ్యారంటీ" దగ్గర నాకు నిజంగా కోపం వస్తుంది. 2024 నవంబరులో సెంట్రల్ కన్స్యూమర్ ప్రొటెక్షన్ అథారిటీ కోచింగ్ ప్రకటనల మీద మార్గదర్శకాలు తెచ్చింది. 50 మందికి పైగా విద్యార్థులున్న కోచింగ్ సెంటర్లు ఉద్యోగం ఖాయం, సెలక్షన్ ఖాయం అని తప్పుడు హామీలు ఇవ్వకూడదు. అంతకన్నా చిన్న సెంటరైనా 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఉండనే ఉంది. తప్పుదోవ పట్టించే ప్రకటనకు మొదటిసారే 10 లక్షల దాకా జరిమానా వేయొచ్చు.

అసలు ఆ జాబ్ ఏమిటో తెలుసా? కోర్సు అయిన మర్నాడు మావాడికి ఒక లింకు పంపారు. ఆ లింకుతో ఒక్కొక్కరిని చేర్పిస్తే 1,200 ఇస్తారట. మా కాలనీ మంచినీళ్ల గ్రూపులో మెసేజ్ పెట్టింది ఎవరో అప్పుడు అర్థమైంది. మావాడే! నేర్పిన మార్కెటింగ్ అంతా ఈ కోర్సును పక్కింటివాళ్లకు అమ్మడానికే. మనుషుల్ని చేర్పించినందుకే డబ్బు పంచే స్కీములను 1978 నాటి ప్రైజ్ చిట్స్, మనీ సర్క్యులేషన్ చట్టం నిషేధించింది. ఈ కోర్సు ఆ గీత దాటిందో లేదో తేల్చాల్సింది పోలీసులు, కోర్టులు. మావాడు మాత్రం లింకు డిలీట్ చేశాడు, గ్రూపులో మెసేజ్ వెనక్కి తీసుకున్నాడు.

ప్రైవేటు కోర్సులన్నీ దొంగవని నేను అనను. ఇన్‌స్టిట్యూట్ తన సొంత పేరుతో సర్టిఫికెట్ ఇచ్చుకోవడం నేరం కాదు. నయీంనగర్ వైపు కూర్చోబెట్టి అకౌంట్ తెరిచి చూపించేవాళ్లూ నాకు తెలుసు. వాళ్ల కాగితం మీద ఒకటే ముద్ర ఉంటుంది, వాళ్లది. ఉచితంగా కావాలంటే స్కిల్‌షాప్ ఉంది, హబ్‌స్పాట్ అకాడమీ ఉంది. కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వెబ్‌సైట్ స్వయంలో పాఠాలు ఉచితం, సర్టిఫికెట్ కావాలంటే పరీక్ష ఫీజు కట్టాలి.

"పోతే పోనీ, 2,999 కదా" అన్నది మా చిన్నమ్మ. డబ్బు ఒక్కటే కాదు చిన్నమ్మా. చేరేటప్పుడు ఆధార్ కాపీ, టెన్త్ మెమో, సెల్ఫీ, సంతకం ఫొటో అన్నీ వాట్సాప్‌లో తీసుకున్నారు. నాకు టెన్షన్ దాని గురించే. ఆధార్ బయోమెట్రిక్ లాక్ చేయించాను. రీఫండ్ కోసం 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫిర్యాదు పెట్టించాను. డబ్బు కట్టించుకుని నంబరు బ్లాక్ చేసి మాయమైతే మాత్రం సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే ఫోన్ చేయాలి. ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆపడానికి అంత వీలుంటుంది.

మెసేజ్‌లో చివరి మాట మిగిలిపోయింది, "ఈ రోజు మాత్రమే 2,999". నా ఫోన్‌లో ఆ మెసేజ్ మొదటిసారి వచ్చింది బతుకమ్మ పండుగప్పుడు. సంక్రాంతికి మళ్లీ వచ్చింది. ఇది రాస్తుండగా పొద్దున ఇంకో గ్రూపులో వచ్చింది, "ఈ రోజు మాత్రమే" అనే.