మంత్రిగారి ముహూర్తానికి ఎగిరిన ఎయిర్‌షిప్

ప్రభుత్వాలకి ముందుచూపు లేదని ఆడిపోసుకునేవాళ్ల నోరు మూయించడానికి కరాచీ షెడ్డు ఒక్కటి చాలు. 1920ల్లో బ్రిటిష్‌వారు ఇంగ్లండు నుంచి ఇండియాకి ఎయిర్‌షిప్పులు, అంటే గ్యాసు నింపి ఎగరేసే గాలిఓడలు, నడపాలని తలపెట్టారు. ఆ ఎయిర్‌షిప్ గాల్లోకి లేవకముందే కరాచీలో దానికోసం బ్రహ్మాండమైన షెడ్డు లేచింది. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అని మనం వెక్కిరిస్తాం గానీ, సోమలింగానికి ఉయ్యాల ముందే కొనిపెట్టడంలో తప్పేముంది?

సోమలింగం అసలు పేరు ఆర్-101. ఎండదేశాల్లో పెట్రోలు అంటుకుంటుందని, బరువైనా సరే డీజిల్ ఇంజన్లే బిగించారు. భద్రత మీద అంత పట్టింపు! నెత్తిన 55 లక్షల ఘనపుటడుగుల హైడ్రోజన్ ఉన్నమాట నిజమే, దానికిందే పొగతాగే గది పెట్టినమాటా నిజమే. కానీ ఆ గదికి మంట అంటని ఆస్‌బెస్టాస్ వేయించారు కదా. అయిదు ఇంజన్లలో ఒకటి మొదట్లో వెనక్కి నడపడానికే పనికొచ్చేది, ముందుకు పోయేటప్పుడు ఊరికే కూర్చుని వచ్చేది. అయిదింటిలో ఒకటేగా. మన ఆఫీసులకన్నా మెరుగే.

గ్యాసు సంచులకి పశువుల పేగుపొరలు వాడారు. తూటాలకి పూసిన కొవ్వుతో 1857లో ఏం రాజుకుందో చూసినవాళ్లు, ఇండియాకి పంపే వాహనం కడుపునిండా ఎద్దుల పేగులే పరిచారంటే ఆ తెగువకి దణ్ణం పెట్టాల్సిందే. ఆ సంచులు చట్రానికి రాసుకుని చిల్లులు పడుతున్నాయని తనిఖీ అధికారి రాసి మొత్తుకున్నాడు. మెత్తలు కట్టి సరిపెట్టారు. లేపే శక్తి చాలలేదని తేలితే, నడుం దగ్గర రెండుగా విడదీసి మధ్యలో ఇంకో గ్యాసు అర అతికించారు. పొడవు 777 అడుగులైంది. ఆ అతుకు తర్వాత పూర్తి వేగంతో ఒక్కసారైనా నడిపి చూడలేదు. వేగం సంగతి దారిలో తెలుస్తుందిలే!

ఎందుకింత తొందరంటే, విమానయాన మంత్రి లార్డ్ థామ్సన్‌గారు ఇండియా వెళ్లి, లండన్‌లో జరిగే సామ్రాజ్య సదస్సు ముగిసేలోగా తిరిగి రావాలి. పుట్టింది నాసిక్‌లో, పుట్టిన గడ్డ మీద ఆకాశం నుంచి దిగాలని ముచ్చట కాబోలు. ప్రతి కిలో లెక్కపెట్టుకోవాల్సిన ప్రయాణానికి ఆయన సామాన్లలో ఓ పర్షియా తివాచీ కూడా ఎక్కింది. ఎగరడానికి పనికొస్తుందనే యోగ్యతాపత్రం మాటంటారా, బయల్దేరే వేళకి అదీ చేతికొచ్చింది.

1930 అక్టోబరు 4 సాయంత్రం, వానగాలి కమ్ముకొస్తుండగా ఇంగ్లండులోని కార్డింగ్టన్‌లో బయల్దేరారు. ఆ రాత్రి రెండు దాటాక ఫ్రాన్సులో బోవే దగ్గర నేలకి తగిలి అంటుకుంది. 54 మందిలో 48 మంది పోయారు. వాళ్లలో మంత్రిగారూ ఉన్నారు. ముహూర్తం పెట్టినవాడే బండెక్కడం రాజకీయాల్లో అరుదు, అది ఒప్పుకోవాలి.

ఇదే పథకంలో ప్రైవేటు కంపెనీ కట్టిన ఆర్-100 కూడా ఉంది. ఆ ఏడాదే కెనడా వెళ్లి క్షేమంగా తిరిగొచ్చింది. దాన్ని ముక్కలు చేసి తుక్కుకింద అమ్మేశారు. కరాచీ షెడ్డు మాత్రం 1960ల దాకా నిలబడింది. అందులోకి ఒక్క ఎయిర్‌షిప్ కూడా రాలేదు కాబట్టి దానిమీద ఫిర్యాదులేవీ లేవు.