శుక్రవారం ఆఖరు తేదీ

మా అక్క కొడుకు పాటలు పాడతాడు. ఈ మాట చుట్టాల్లో ఎక్కడ చెప్పినా వచ్చే ప్రశ్న ఒకటే: "ఏ సినిమాకి?" సినిమాకి కాదండీ, నలుగురు కుర్రాళ్ళు కలిసి బ్యాండు పెట్టుకున్నారు, వాళ్ళే రాసుకుని వాళ్ళే పాడుకుంటారు అంటే, "పోనీలెండి, ఎప్పటికైనా ఛాన్సు రాకపోదు" అని నన్నే ఓదారుస్తారు. మన దగ్గర సినిమా లేని పాట ఇంటిపేరు లేని మనిషిలాంటిది. గుమ్మం దగ్గర నిలబెట్టి మంచినీళ్ళిస్తారు గానీ లోపలికి రమ్మనరు.

అలాంటి మావాడు వినాయక చవితికి పది రోజుల ముందు తొలి ఆల్బమ్ వదిలాడు. ఎనిమిది పాటలు, 31 నిమిషాలు. స్టూడియో అంటే కూకట్‌పల్లిలో మా అక్కావాళ్ళ పడగ్గదే. గోడల నిండా కోడిగుడ్ల ట్రేలు అతికించారు. మా అక్క నిష్ఠగా శాకాహారి. ఆ గదిలో నెల రోజులు అడుగు పెట్టలేదు, వంటింట్లోంచే నిరసన తెలిపింది. గుడ్ల ట్రే గదిలో మారుమోతను కాస్త తగ్గిస్తుందేమో గానీ, గోడ అవతలి చప్పుడును ఆపడం దానివల్ల కాదు. అందుకని మా అక్క కందిపప్పు కుక్కర్ మూడు విజిళ్ళూ మొదటి పాటలోకి శుభ్రంగా ఎక్కి కూర్చున్నాయి. తీసెయ్యడం చేతకాక, దానికి 'ఆంబియెన్స్' అని పేరు పెట్టి ఉంచేశారు.

"మామయ్యా, నువ్వు వినాలి," అన్నాడు ఫోన్‌లో. "స్పాటిఫైలో పాట 30 సెకన్లు మోగితేనే ఒక లెక్క. 2024 నుంచి ఇంకో రూలు పెట్టారు. ఏడాదిలో వెయ్యి లెక్కలు రాకపోతే ఆ పాటకి పైసా రాదు."

ఆ వెయ్యి మాట వినగానే నాలో మేనమామ మేల్కొన్నాడు. నిజానికి మొదటి పాట సగం విన్నాను. గొంతు దుప్పటి ముసుగేసుకుని పాడుతున్నట్టుంది. గిటారు వినబడగానే స్పీకర్ చిరిగిందనుకుని ఫోన్‌ని రెండుసార్లు తట్టాను కూడా. ఆ తర్వాత నాకో సంగతి తట్టింది. లెక్క పడాలంటే పాట మోగితే చాలు, నేను వినక్కర్లేదు కదా! ఆల్బమ్‌ని లూప్‌లో పెట్టి, సౌండ్ సున్నాకి దించి, ఛార్జర్ తగిలించి ఫోన్‌ని కిటికీ గట్టు మీద పడుకోబెట్టాను. రాత్రింబవళ్ళు అది మోగుతూనే ఉంది, నేను హాయిగా నిద్రపోతూనే ఉన్నాను.

వారం తర్వాత వాడే అడిగాడు. "చివరి పాట విన్నావా మామయ్యా? కోపం రాలేదు కదా?"

"కోపమేమిట్రా! కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి."

అటువైపు కాసేపు మాట లేదు. "నువ్వింత స్పోర్టివ్‌గా తీసుకుంటావని అనుకోలేదు మామయ్యా," అన్నాడు, గొంతు కాస్త వణికింది.

"సంగీతం విషయంలో నేనెప్పుడూ స్పోర్టివేరా," అన్నాను. పొగడ్త అనుకున్నాను మరి.

ఇక మా అపార్ట్‌మెంట్ వినాయకుడి సంగతి. ఖైరతాబాద్‌లో 1954లో ఒక్క అడుగుతో మొదలైన విగ్రహం 2024 నాటికి 70 అడుగులైంది. నల్లకుంటలో మా పార్కింగ్‌లో కూర్చునే స్వామి మాత్రం పదిహేనేళ్ళుగా మూడడుగులే. పెరిగిందల్లా సౌండ్‌బాక్సు. ఈ ఏడు తెచ్చినది నా భుజం దాకా ఉంది. పోయిన ఏడాది మైకు ఎవరో ఎత్తుకెళ్ళారని దాన్ని మెష్ తలుపున్న మీటర్ల గదిలో పెట్టి తాళం వేశారు. ట్రెజరర్ గారు రూల్సు మనిషి. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా లౌడ్‌స్పీకర్ మోగకూడదని ప్రభుత్వ నిబంధన కాబట్టి, సరిగ్గా ఆరింటికి దానంతటదే ఆన్ అయ్యేలా టైమర్ పెట్టి, పెన్‌డ్రైవ్‌లో సుప్రభాతం ఎక్కించి, తాళంచెవి జేబులో వేసుకుని ఓయూ క్యాంపస్‌కి వాకింగ్‌కి వెళ్ళిపోతారు. మొదటి రోజు పెన్‌డ్రైవ్ సిద్ధం కాకపోతే, బ్లూటూత్‌లో పాటలు పెట్టింది నా ఫోన్‌లోంచే. అప్పుడు అందరూ మెచ్చుకున్నారు.

నాలుగో రోజు పొద్దున పాల ప్యాకెట్లు, గరిక పట్టుకుని గేటు దగ్గరికి వచ్చేసరికి ఆరు దాటింది. పార్కింగ్ దద్దరిల్లేలా కుక్కర్ విజిల్! బాల్కనీల్లో ముగ్గులు, తులసికోటలు వదిలేసి ఆడవాళ్ళందరూ వంటిళ్ళలోకి పరుగు. రెండో విజిల్‌కి ఒక్కొక్కరే బయటికి వచ్చారు. "మాది కాదు." "మాదీ కాదు, నేనింకా పప్పే కడగలేదు." మూడో విజిల్ వచ్చేసరికి అందరి చూపూ పక్క అపార్ట్‌మెంట్ మీదికి వెళ్ళింది.

అంతలో గుసగుసగా ఎవరో పాడడం మొదలుపెట్టారు.

"సార్, డబ్బాల ఎవలో ఏడుస్తున్నరు," అన్నాడు వాచ్‌మన్ బెదురుగా. గది దగ్గరికి వెళ్ళి మెష్‌లోంచి కర్ర దూర్చి బాక్సును ఒకటి వేశాడు. ఏడుపు ఆగలేదు.

మెయిన్ ఆపేద్దామంటే, "స్వామి దగ్గర లైట్లు ఆర్పుతారా, నోరు కడుక్కోండి," అని మూడో అంతస్తు పెద్దావిడ కసిరింది. ట్రెజరర్ గారికి ఫోన్ చేస్తే, ఆయన వాకింగ్‌లో ఫోన్ ఎత్తరు. అదీ రూలే.

రెండో పాట వానచప్పుడుతో మొదలైంది. ఇద్దరు ముగ్గురు మేడమీదికి పరుగెత్తి ఆరేసిన బట్టలన్నీ చంకన వేసుకుని దిగివచ్చారు. దిగాక ఆకాశం కేసి చూశారు. ఎర్రగా, నిర్మలంగా సూర్యుడు ఉదయిస్తున్నాడు.

"ఏ సినిమాలోదండీ ఇది?" అంది మా ఎదురింటావిడ. నాకు తెలిస్తే కదా.

పంతులు గారు స్కూటర్ ఆపి హెల్మెట్ తియ్యకుండానే కాసేపు విన్నారు. "శ్లోకం కాదు, దండకం కాదు, మంగళహారతి అసలే కాదు. అనుస్వారం మాత్రం బాగా పడుతోందండీ కుర్రాడికి," అన్నారు. నిజమే, రెండో పాట సాంతం 'మ్మ్మ్' అనే మూలుగే.

క్యాబ్ కోసం దిగిన సాఫ్ట్‌వేర్ కుర్రాడు చెవుల్లోంచి పుల్లలు పీకి, మొహం వెలిగిపోతుంటే, "అంకుల్, షూగేజ్!" అన్నాడు. నేను గభాలున నా కాళ్ళకేసి చూసుకున్నాను, దేవుడి ముందు చెప్పులతో నిలబడ్డానేమోనని. తర్వాత చెప్పాడు, అదొక రకం సంగీతమట. కాళ్ళ దగ్గర పెడల్స్ తొక్కుకుంటూ తలెత్తకుండా వాయిస్తారు కాబట్టి ఆ పేరట. చివరికి చెప్పులు విప్పే నిలబడ్డాను, ఎందుకైనా మంచిదని.

ఈ గొడవంతటికీ నాయకత్వం వహించింది ఎవరనుకున్నారు? నేనే. ఇంత చెత్త పాట దేవుడి దగ్గర పెట్టినవాణ్ణి పట్టుకోవాల్సిందే అన్నాను. సీసీ కెమెరా చూద్దామన్నాను. "రాగమా, తాళమా? వీణ్ణి కన్నవాళ్ళు ఎలా భరిస్తున్నారో!" అని కూడా అన్నాను. ఆ 'కన్నవాళ్ళు' మా అక్కా బావా అని నాకు అప్పటికి తెలీదు.

ఒక్క మనిషి మాత్రం కుర్చీ తెచ్చుకుని బాక్సుకు ఎదురుగా కూర్చున్నారు. రెండో అంతస్తు తాతగారు, రేడియోలో పనిచేసి రిటైరయ్యారు. కళ్ళు మూసుకుని మోకాలి మీద వేళ్ళు ఆడిస్తున్నారు. నాలుగో పాట అయ్యాక కళ్ళు తెరిచి, "అరవకయ్యా," అన్నారు నాతో. "చరణంలో కుర్రాడు ఎక్కడికో పోయి మళ్ళీ పల్లవి ఎత్తుగడకి చక్కా వచ్చాడు. శ్రుతి దిగింది, అది వేరు. సినిమాతో పనిలేని పాటని మా రోజుల్లో లలిత సంగీతం అనేవాళ్ళం. అప్పుడూ ఇలాగే, ఏ సినిమాలోది అని ఉత్తరాలు రాసేవారు."

ఆ మాటకి కొంచెం తగ్గాను. ఐదు, ఆరు పాటలకి జనం కూడా అలవాటుపడ్డారు. పిల్లలు ఏడో పాటకి గంతులు వేశారు. వాచ్‌మన్ కర్ర పక్కన పెట్టి తల ఊపడం నేను చూశాను, అడిగితే లేదన్నాడు.

ఎనిమిదో పాట నడుస్తుండగా ట్రెజరర్ గారు చెమటలు తుడుచుకుంటూ వచ్చారు. గుత్తిలో మొదటి తాళంచెవి పట్టలేదు. రెండోది తిరగలేదు. గిటారు మెల్లగా సన్నబడింది. డ్రమ్ము నాలుగు దెబ్బలు పడింది. అప్పుడు బాక్సులోంచి, నా భుజం దాకా ఉన్న ఆ బాక్సులోంచి, బ్రహ్మాండమైన నా గొంతు.

"ఒరేయ్ నాన్నా, మీ నల్లకుంట మామయ్యని మాట్లాడుతున్నా. ఈ పాటలు కూడు పెట్టవురా. బ్యాంకు పరీక్షకి అప్లికేషన్ పెట్టు. శుక్రవారం ఆఖరు తేదీ. మా అపార్ట్‌మెంట్ ట్రెజరర్ కొడుకు మూడుసార్లు తప్పాడు, అయినా సిగ్గుపడకుండా రాస్తూనే ఉన్నాడు. వాడికంటే నువ్వు ఎంతో నయం. శుక్రవారం ఆఖరు తేదీ."

నేను ఎప్పుడో పంపిన వాయిస్ మెసేజ్. దాని కింద డప్పు వేశారు. 'శుక్రవారం ఆఖరు తేదీ' అన్న ముక్కని నాలుగుసార్లు తిప్పి, చివరి 'తేదీ'ని తేదీ... దీ... దీ... అని పార్కింగ్ అంతా సాగదీశారు.

మూడో తాళంచెవి పట్టింది గానీ ట్రెజరర్ గారు తిప్పలేదు. నా వైపు తిరిగారు. అందరూ తిరిగారు. నా చేతిలో గరిక ఉంది.

ఇంతలో ఆల్బమ్ మళ్ళీ మొదలై మొదటి విజిల్ వేసింది. సరిగ్గా మీటర్ల గది నెత్తిన, మొదటి అంతస్తు కిటికీలోంచి మా ఆవిడ తల బయటపెట్టి, "ఏమండీ, మీ ఫోన్‌లో ఏదో తిరుగుతోంది, ఆపెయ్యనా?" అంది.

తర్వాత సాఫ్ట్‌వేర్ కుర్రాడు విడమరిచాడు. ముందు రోజు రాత్రి ట్రెజరర్ గారు కొత్త భజనలు ఎక్కించమని పెన్‌డ్రైవ్ కొడుక్కి ఇచ్చి, తిరిగి పెట్టడం మరిచారు. పెన్‌డ్రైవ్ కనబడని బాక్సు బ్లూటూత్‌కి దిగి, చివరిసారి కలిసిన నా ఫోన్‌నే వెతుక్కుంది. ఫోన్ సౌండ్ సున్నా చేస్తే బ్లూటూత్ సౌండ్ సున్నా కాదట, దాని లెక్క దానిదేనట. మొదటి రోజు భక్తి కొద్దీ నిండుగా పెట్టాను, అలాగే ఉండిపోయింది.

తాతగారు మాత్రం కుర్చీ మడుస్తూ, "ఇందులో తప్పేముందయ్యా," అన్నారు. "1902లో కలకత్తాలో గౌహర్ జాన్ గ్రామఫోను రికార్డు ఇచ్చినప్పుడు, పాట చివర 'మై నేమ్ ఈజ్ గౌహర్ జాన్' అని చెప్పేది. ఎవరి రికార్డో తెలియాలి కదా. నువ్వూ చెప్పావు."

సాయంత్రం మేనల్లుడు ఫోన్ చేశాడు. సంగతంతా వాళ్ళ అత్తయ్య పూసగుచ్చినట్టు చెప్పేసింది. "ఒకే ఫోన్‌లో రాత్రీ పగలూ తిప్పితే దొంగ లెక్క అని పట్టుకుంటారు మామయ్యా, ఉన్నవి కూడా పోతాయి," అన్నాడు ముందు. తర్వాత నెమ్మదిగా, "చివరి పాటకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయన్నావు?"

"ఇవాళ తిరిగాయిరా," అన్నాను.

ట్రెజరర్ గారు నాతో మాట్లాడ్డం మానేశారు. లడ్డూ వేలంలో నేను ఎంత పాడినా వినబడనట్టే పై పాటకి వెళ్ళిపోయారు.

నిమజ్జనం రోజు ట్రాలీ ముందు తీన్మార్ వాళ్ళు వాయిస్తుంటే, మా అపార్ట్‌మెంట్ పిల్లలు వాళ్ళ చెవిలో ఏదో ఊదారు. డప్పు ఒక్క క్షణం ఆగి కొత్త దెబ్బ ఎత్తుకుంది. "శుక్రవారం! ఆఖరు తేదీ! శుక్రవారం! ఆఖరు తేదీ!" రోడ్డంతా ఊగిపోతోంది. మా వాచ్‌మన్ అందరికంటే ముందున్నాడు. పక్క గల్లీ నుంచి వచ్చినాయన రంగులో మునిగిన మొహంతో నా భుజం తట్టి, "జబర్దస్త్ ఉంది అన్నా! ఏ సినిమలది?" అని అడిగాడు.

నేను నోరు తెరిచేలోపే మా ఎదురింటి బుడ్డోడు నావైపు వేలు చూపించి, "ఫస్ట్ ఫ్లోర్ అంకుల్ సినిమాలోది," అన్నాడు.